నిచ్చెనకు నలభై రెండు మార్కులు

మా మరదలికి నోట్లో నాలుక లేదు. ఆ లోటు తీర్చడానికే నన్ను పుట్టించి ఉంటారని మా తమ్ముడంటాడు. వాడు కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తాడు. వాడూ పెద్దగా మాట్లాడడు. నేను బస్టాండులో పాసుల కౌంటర్లో కూర్చుంటాను. "ఫోటో ఏదీ? ఇందులో ఉన్నది మీరేనా? తర్వాతి వాళ్లు రండి!" అని రోజంతా అద్దం వెనక నుంచి అరిచి అరిచి, ఇంటికొచ్చాక కూడా నా గొంతు కిందికి దిగదు. ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటాం. ఇప్పుడు చెప్పబోయే సంగతి నిజానికి మా మరదలే చెప్పుకోవాలి. చెప్పదు. బలవంతం చేస్తే "పోనీలెండి వదినా" అంటుంది. పోనిచ్చే రకం కాదు నేను, అందుకని నేనే చెబుతున్నాను.

ఆమె ఇంజనీరింగ్ చదివింది. పెళ్లికి ముందు నుంచే ఒక పేటెంటు అటార్నీ దగ్గర ఉద్యోగం. ఎవరైనా కొత్త వస్తువు కనిపెడితే, ఇంకొకరు దాన్ని కాపీ కొట్టకుండా ప్రభుత్వం నుంచి హక్కు తెచ్చిపెట్టే ఆఫీసది. ఆ దరఖాస్తుకు ప్రాణం క్లెయిము అనే వాక్యం. "ఇక్కణ్ణుంచి ఇక్కడి దాకా ఈ ఆలోచన నాది" అని గిరి గీసే వాక్యమన్నమాట. ఎంత పొడుగైనా ఒక్కటే వాక్యంగా రాయాలట. బిగించి రాస్తే పక్కవాడు ఒక మర అటు తిప్పి తప్పించుకుపోతాడు. వదులుగా రాస్తే "ఇది ఎప్పటి నుంచో ఉన్నదే, పొండి" అని ప్రభుత్వం కొట్టేస్తుంది. ఆ రెంటి మధ్యన నడవడం మా మరదలికి వెన్నతో పెట్టిన విద్య.

అయితే ఏం లాభం? రాసేది ఆమె, సంతకం పెట్టేది పెద్దసారు. ఆయన పరీక్ష పాసై పేరు నమోదు చేయించుకున్న అటార్నీ. ఆమె కాదు. పోనీ ఆ పరీక్ష ఈమె కూడా రాయొచ్చు కదా అంటే, దానికో మెలిక ఉంది. ఫలానా మనిషి నా దగ్గర ఇన్నేళ్లు పని నేర్చుకుంది, పరీక్షకు తగినది అని ఒక అటార్నీ ధ్రువపత్రం ఇవ్వాలి. అది లేకపోతే హాల్‌టికెట్టు రాదు. అంటే పెద్దసారు సంతకం నుంచి బయటపడాలన్నా పెద్దసారు సంతకమే కావాలి. ఈ నిబంధన పెట్టిన మహానుభావుడెవరో నా కౌంటరుకు ఒక్కసారి వస్తే బాగుండును.

పెద్దసారును నేను మొదట చూసింది మా ఇంట్లోనే. ఒకసారి టీకి వచ్చాడు. తెల్లటి జుట్టు, ఇస్త్రీ చొక్కా, పంచదార పాకం లాంటి గొంతు. "మీ మరదలు నాకు కూతురు లాంటిదమ్మా. ఆమెను అటార్నీని చేసే పూచీ నాది" అన్నాడు. తమ్ముడు పొంగిపోయాడు. నేనూ పొంగిపోయాను, దాచడం దేనికి? ఆయన కప్పులోకి ఇంకో చెంచా పంచదార కూడా వేశాను.

ఆ వారం నుంచే ఆదివారం పరీక్షలు మొదలయ్యాయి. శనివారం సాయంత్రం ఆయన ఒక కవరు ఇచ్చేవాడు. అందులో ఎవరో కనిపెట్టిన వస్తువు వివరం, బొమ్మలు. "ఎప్పుడో అయిపోయిన పాత కేసులమ్మా. పేర్లు తీసేసి ఇస్తున్నాను. పరీక్షలో ఎలా రాస్తావో అలాగే రాసుకురా. నేనే దిద్దుతాను" అనేవాడు. ఆదివారం పొద్దున్నే అన్నాల బల్ల ఖాళీ చేసేవాళ్లం. తమ్ముడు కాలింగ్ బెల్లు వైరు పీకేసి, మునివేళ్ల మీద నడిచేవాడు. నేను నోరు మూసుకుని కూర్చోవాలి. ముగ్గురిలో ఎక్కువ కష్టం నాదేనని అందరూ ఒప్పుకున్నారు.

రాయడం అయ్యాక ఆ వాక్యాన్ని వారమంతా పైకి చదువుకునేది. అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ. వినీ వినీ నాకూ నోటికి వచ్చేసేది. ఆ పిచ్చి చివరికి ఇంట్లో వస్తువులకు కూడా పాకింది. ఓసారి తమ్ముడు కళ్లద్దాలు ఎక్కడో పెట్టి మరిచిపోయి వెతుకుతున్నాడు.

"ముక్కు మీద ఆనే భాగమూ, దానికి పట్టి ఉన్న కనీసం ఒక కటకమూ గల సాధనం ఫ్రిజ్ మీద ఉందండీ" అంది.

"కళ్లద్దాలు అని చావవే!" అన్నాను.

"అలా అంటే ఒంటికన్ను అద్దం చేసేవాడు తప్పించుకుంటాడు వదినా."

"తప్పించుకోనీవే, ముందు నీ మొగుడికి కళ్లు కనబడనీ!"

అలా నవ్వుకుంటూనే ఉన్నాం గానీ మార్కులు మాత్రం రాలేదు. పాసవ్వాలంటే యాభై. ఆయన ఎర్ర సిరా ఎప్పుడూ యాభై దాటలేదు. నలభై ఆరు. ముప్ఫై తొమ్మిది. మడత నిచ్చెన మీద రాసినదానికి నలభై రెండు. ఆ నిచ్చెన నాకు బాగా గుర్తు. మడిచేటప్పుడు కీలు మధ్య వేళ్లు నలగకుండా ఒక తాళం ఉంటుంది. దాని మీద ఆమె ఎంత కష్టపడిందో! కాగితం కింద ఎర్రగా "పరిధి ఇంకా అర్థం కాలేదు" అని రాసి ఇచ్చాడు. దరఖాస్తుల గడువు దగ్గర పడగానే ఏటా ఒకటే పాట. "ఈ ఏడు వద్దమ్మా. ఇలా వెళ్తే పరువు పోతుంది. నీదీ, నాదీ."

ఆమె నమ్మింది. మళ్లీ మళ్లీ మొదటి నుంచి చదివింది. తనకు బుర్ర లేదనే నిర్ణయానికి వచ్చేసింది. పక్కింటావిడ "ఈ వయసులో ఇంకా పరీక్షలేమిటమ్మా" అంటే, ఇదివరకు నవ్వి ఊరుకునే మనిషి ఈసారి తల దించుకుంది. పక్కింటావిడకు నేను సమాధానం చెప్పాననుకోండి. ఆవిడ ఇప్పటికీ మా మెట్ల వైపు రాదు.

అలా ఉండగా ఒక ఆదివారం కవరులో మళ్లీ నిచ్చెన వచ్చింది. అదే మడత నిచ్చెన, కాకపోతే తాళాన్ని కాలితో నొక్కి తెరవొచ్చు. చేతులకు పని లేదు. ఇలాంటివి ముందే ఎవరైనా కనిపెట్టారేమో వెతికి చూసుకున్నాకే క్లెయిము మొదలుపెట్టడం ఆమె పద్ధతి. కంప్యూటరు తీసి, అచ్చయిన పాత పేటెంట్లు వెతకడం మొదలుపెట్టింది. అవి ఎవరైనా చూడొచ్చు. కాసేపటికి కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"ఏమైందే?" అన్నాను, నియమం తప్పి.

తెర నా వైపు తిప్పింది. చదివాను. "మొదటి పట్టీ, దానికి కీలు ద్వారా అమర్చిన రెండవ పట్టీ, ఆ కీలు వద్ద వేలు దూరని విధంగా..." ఇంక తెర చూడనక్కర్లేకపోయింది. మిగతాది నాకు నోటికి వచ్చు! ఒక్క మాట అటూ ఇటూ కాలేదు. మా అన్నాల బల్ల మీద పుట్టిన వాక్యం అది. అటార్నీ అన్నచోట పెద్దసారు పేరు. దరఖాస్తు వేసిన తేదీ, ఈమె ఆ సమాధానం ఇచ్చిన వారమే. ప్రభుత్వం ఒక్క అభ్యంతరం కూడా పెట్టకుండా పేటెంటు ఇచ్చేసింది.

పాత కేసులట! పాతవి కావు, పాడూ కావు. ప్రతి ఆదివారం మా చేత నోళ్లు మూయించి, బెల్లు పీకించి, తన ఆఫీసు పని మా ఇంట్లో చేయించుకున్నాడు. జీతం లేదు, పేరు లేదు. పైగా నీకు రాదు పొమ్మని ఎర్ర సిరాతో వాతలు! ప్రభుత్వం వంక పెట్టలేని వాక్యానికి నలభై రెండు మార్కులా? అటార్నీగా పైకి వెళ్తే ఆదివారాలు ఎవరు రాస్తారని, మనిషిని కిందే నొక్కి ఉంచాడు. ఆయన కప్పులో వేసిన రెండో చెంచా పంచదార తలుచుకుంటే నా ఒళ్లు భగ్గున మండింది. ఇంటి కప్పు లేచిపోయేలా అరిచాను. తమ్ముడు లోపలి నుంచి వచ్చి అంతా చదివాడు.

"ఇది చదివే నలభై రెండు వేశాడంటావా అక్కా?" అన్నాడు. "అసలు చదివాడా అని."

వాడు నెలకోసారి మాట్లాడినా ఇలాంటి మాటే మాట్లాడతాడు. మరదలు వాడి వైపు చూసింది. తరువాత కొత్త కాగితం తీసి, కాలితో తెరిచే నిచ్చెన ప్రశ్నకు సమాధానంగా, పేటెంటు వచ్చేసిన ఆ పాత వాక్యాన్నే అక్షరం పొల్లు పోకుండా రాసింది. అందులో కాలి ఊసే లేదు. చదివినవాడు ఎవడైనా మొదటి నిమిషంలోనే పట్టుకుంటాడు. ఆ తరువాత ఇంకో కాగితం తీసి, కొత్త నిచ్చెనకు అసలైన క్లెయిము రాయడం మొదలుపెట్టింది.

"అది దేనికే, పిచ్చిదానా?"

"ఇది ఎవరో నిజంగా చేసిన నిచ్చెన వదినా. సార్ చేసినదానికి ఆ నిచ్చెనాయన ఏం చేస్తాడు, పాపం."

దీన్ని ఏమనాలి? తిట్టాలో మొక్కాలో తెలియక వంటింట్లోకి పోయాను.

సోమవారం మొదటి కాగితం ఇచ్చింది. బుధవారం సాయంత్రం తిరిగొచ్చింది. నలభై నాలుగు. కింద ఎర్రగా "కొంత మెరుగు. పరిధి ఇంకా అర్థం కాలేదు." అదే వాక్యం! రెండు మార్కులు పెరిగాయి! మా తమ్ముడు నవ్వలేక దగ్గు తెచ్చుకున్నాడు. మరదలు నవ్వలేదు. ఆ ఎర్ర అక్షరాల మీద చెయ్యి పెట్టి, "ఇన్నేళ్లూ చదవనే లేదు వదినా" అంది. అప్పుడు ఏడ్చింది. మార్కులు తక్కువొచ్చినప్పుడు కూడా ఏడవని మనిషి.

మర్నాడు నేను సెలవు పెట్టి ఆమెతో పాటు ఆఫీసుకు వెళ్లాను. "మీరు బయటే కూర్చోండి వదినా, నేను మాట్లాడతాను" అంది. లోపలికి రానని ఒట్టేశాను. గది బయట బెంచీ మీద ఒకాయన ముందే కూర్చుని ఉన్నాడు. ముతక చొక్కా, గోళ్లలో గ్రీజు. తలుపు సగం తెరిచే ఉంది, లోపలి మాటలన్నీ వినిపిస్తున్నాయి.

మరదలు ముందు నలభై నాలుగు మార్కుల కాగితం పెట్టింది. పక్కన అచ్చయిన పేటెంటు పెట్టింది. "రెండూ ఒకటే సార్" అంది.

కాసేపు కాగితాల చప్పుడు. తరువాత ఆ పాకం గొంతు. "ఇదంతా శిక్షణలో భాగమేనమ్మా. నిజం కేసులిస్తేనే కదా పని వచ్చేది?"

"దాఖలు చేయడానికి మేడ మీద మనవాళ్లు ఇప్పుడు టైపు చేస్తున్నది ఈ పాత క్లెయిమే సార్. అది దాఖలు చేస్తే క్లయింటు కొత్త నిచ్చెన పోతుంది. ఇదిగోండి, అసలుది ఇది." అని రెండో కాగితం తీసి ఆయన చేతికి ఇచ్చేసింది.

ఇచ్చేసింది! ఏ బేరం పెట్టకుండా, చేతిలో ఉన్న ఒక్క ఆయుధాన్నీ పువ్వుల్లో పెట్టి ఇచ్చేసింది! నేను బెంచీ మీద తల కొట్టుకున్నాను.

"పరీక్షకు ధ్రువపత్రం మీద సంతకం కావాలి సార్. గడువు రేపటితో అయిపోతుంది."

"ఈ ఏడు వద్దమ్మా" అన్నాడు పెద్దసారు. "చూశావుగా, నలభై నాలుగే వచ్చింది."

విన్నారా? పట్టుబడ్డాక కూడా ఆ మాట అన్నాడు! సిగ్గూ ఎగ్గూ ఉన్న మనిషి అనే మాటేనా అది? లోపలికి దూకుదామని లేచాను. ఒట్టు గుర్తొచ్చి మళ్లీ కూలబడ్డాను. లోపలికి వెళ్లనన్నాను గానీ బయట మాట్లాడనని అనలేదు కదా. ఊరుకోలేక పక్కనున్న ఆయనతో అన్నాను.

"మీరేం పని మీద వచ్చారండీ?"

"నిచ్చెనలు చేస్తామమ్మా. సంతకాలున్నాయంటే వచ్చాను."

"ఓహో, కాలితో తాళం తెరిచే నిచ్చెన మీదేనా?"

ఆయన ముఖంలో నెత్తురు లేదు. "అది... అది మీకెలా తెలుసు?"

నాకు అప్పటిదాకా తెలియని సంగతి ఏమిటంటే, దరఖాస్తు వేసేలోపు కనిపెట్టినదాని గురించి బయట ఈగకు కూడా తెలియకూడదట. తెలిస్తే హక్కే పోవచ్చట. పాత కేసని చెప్పి ఇచ్చాడు కాబట్టి మా పిల్ల వంటింట్లో పాటలా చదువుకుంది. ఇదేదీ నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా బస్టాండు గొంతే.

"తెలియకేమండీ! మా అన్నాల బల్ల మీద మా మరదలు రాసింది కదా. మీ మొదటి నిచ్చెనా అక్కడే పుట్టింది. కావాలంటే మొత్తం అప్పజెప్పమంటారా? మొదటి పట్టీ, దానికి కీలు ద్వారా అమర్చిన రెండవ పట్టీ..."

ఆయన లేచి నేరుగా తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. ఆయన వెనకే నేనూ వెళ్లాను. ఒట్టు సంగతి తరువాత.

"సార్, ఈవిడెవరు? మా నిచ్చెన ఈవిడ ఇంటికెలా వెళ్లింది? మీరే స్వయంగా రాస్తున్నానన్నారు కదా?"

పెద్దసారు నీళ్లు నమిలాడు. గొంతులో పాకం అంతా ఎక్కడికి పోయిందో! నిచ్చెనలాయన మా అందరి ముఖాలూ చూసి, "అయితే రాసిందెవరు?" అన్నాడు.

మా మరదలు ఎప్పుడూ లేనంత నెమ్మదిగా, కానీ తల ఎత్తి చెప్పింది. "నేనేనండి. రెండూ నేనే రాశాను. మీ రహస్యం మా ఇల్లు దాటి ఎక్కడికీ పోలేదు. ఈ పూటే దాఖలు చేయిస్తాను, నేనే దగ్గరుంటాను." అని, పెద్దసారు ముందు ధ్రువపత్రం పెట్టింది. "సార్."

ఆయన ఆ కాగితం వైపు చూడలేదు. నా నోటి వైపు చూశాడు, నిచ్చెనలాయన వైపు చూశాడు, సంతకం పెట్టాడు. చదవకుండానే పెట్టాడు, అలవాటు కదా.

నిచ్చెన ఆ పూటే దాఖలైంది. ఆ తరువాత ఆమె పరీక్షకు కూర్చుంది. ఎవరో ముక్కూ మొహం తెలియని పరీక్షకులు, ఎవరి కాగితమో తెలియకుండా దిద్దారు. క్లెయిములు రాసే పేపరులో డెబ్బై పైన వచ్చాయి. తమ్ముడు ఆ రోజు కాలింగ్ బెల్లు పది సార్లు నొక్కాడు. నేను వీధి వీధంతా చెప్పాను, పక్కింటావిడ కిటికీ కింద నిలబడి రెండు సార్లు చెప్పాను. నా సంతోషం మీద నీళ్లు చల్లిన సంగతి ఒక్కటే. పెద్దసారు ఆఫీసు గుమ్మంలో మా మరదలి ఫోటో పెద్దది చేయించి పెట్టాడు. కింద "మా ఆదివారం శిక్షణలో ఆణిముత్యం" అని రాయించాడు. పీకి పారేద్దామని బయల్దేరితే, "పోనీలెండి వదినా" అంది. అప్పటికే ఉద్యోగం మానేసింది.

మా ఇంటి ముందు గది ఆమె ఆఫీసయింది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు రిజిస్ట్రేషను కాగితం. మొదటి క్లయింటుగా, తడి నేల మీద జారని చేతికర్ర తయారుచేసిన ఒక నర్సు వచ్చింది. మరదలు మూడు వారాలు దాని మీద కూర్చుంది. దాఖలు చేసే రోజు నేను డ్యూటీ దిగి వచ్చేసరికి కాగితాలన్నీ అచ్చు తీసి, అంచులు సరిచేసి, బల్లకు అటు చివర పెట్టి ఉన్నాయి. ఆమె ఇటు వైపు, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"అయిపోయిందా?"

"అయిపోయింది వదినా."

"మరి పంపవేం?"

వెళ్లి చూశాను. చివరి పేజీలో సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు ఉంది.

"ఇదేమిటే?"

"ఎక్కడ పెట్టాలో సార్ వెతుక్కోకుండా..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. అప్పటిదాకా, ఎవరో వచ్చి ఆ కుర్చీలో కూర్చుని సంతకం చేస్తారని ఎదురుచూస్తూ ఉందన్నమాట. ఎంతసేపటి నుంచి కూర్చుందో ఆమెకే తెలియదు.

ఆ పెద్దమనిషి మీద నాకు అప్పటిదాకా వచ్చిన కోపమంతా ఒక ఎత్తు, ఆ పెన్సిలు గుర్తు చూసినప్పుడు వచ్చింది ఒక ఎత్తు. ఈసారి మాత్రం అరవలేదు. కళ్లలో నీళ్లొచ్చాయి. ఆమె చెయ్యి పట్టుకుని లేపి, అటు వైపు కుర్చీలో కూర్చోబెట్టి, పెన్ను ఇచ్చాను. రబ్బరు కోసం సొరుగులో తడుముతోంది.

"చెరపకు" అన్నాను. "దాని మీదే పెట్టు."

పెట్టింది.